మీసాల చెలికత్తె

నా ప్రాణసమానమైన చెలికి,

నీ రాణి తన స్వహస్తాలతో రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, అమ్మాయీ, నా మోకాళ్ళూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మీసాలూ క్షేమమని తలుస్తాను.

ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని మూతి తిప్పుకోకు. నువ్వు మాత్రం రాశావా ఏమిటి? మేళం మూసేసి ఎవరి దారిన వాళ్ళం పోయాక, నువ్వు ఎవరో టైలరు మేడ మీద గదిలో చేరావనీ, పిల్లలకి తాళం నేర్పుతున్నావనీ మన మృదంగం ఆయన చెబితే తెలిసింది. నేనేమో అమ్మాయి పంచన చేరాను. అది కింద హాల్లో నాట్యం నేర్పుతుంది. నేను మూల కుర్చీలో కూర్చుని వంకలు పెడతాను. ఇంట్లో నాకున్న ఉద్యోగం అదొక్కటే.

అసలు సంగతికొస్తాను. మన నాటకంలో రాణి వేషం మొత్తం అమ్మాయి పట్టేసింది. తెర వెనక నుంచి రావడం, అలగడం, విరహంతో కుమిలిపోవడం, అన్నీ నాకంటే బాగానే చేస్తోంది. ఆ మాట దానికి చెప్పకు. ఒక్క పేరు ఘట్టం దగ్గర మాత్రం ఆగిపోయింది. "నాన్నా, చెలికత్తె వచ్చి నీ మొగుడి పేరేమిటని అడుగుతుంది, రాణి సిగ్గుపడి చెప్పదు. రెండు ముక్కల సంగతి. దీన్ని మీరిద్దరూ గంటసేపు ఎలా ఆడేవాళ్ళు?" అని అడిగింది. ఏం చెప్పను? అది కాగితం మీద ఎక్కడుంది గనక. రోజుకో రకంగా ఆడాం. సగం నీ నోట్లో ఉంది, సగం నా నోట్లో ఉంది. రెండు నోళ్ళూ ఒక చోట చేరితే తప్ప బయటికి రాదు.

అందుకని వచ్చే నెల మొదటి ఆదివారానికి మా వీధి చివర హాలు అమ్మాయి మాట్లాడింది. ఒక్క ఆట. నేను రాణిని, నువ్వు చెలికత్తెవి. అమ్మాయి పక్కన నిలబడి చూసి నేర్చుకుంటుంది. నువ్వు రావాలి. తర్వాత చూద్దాంలే అనకు. తర్వాత అనే మాట ఈ మధ్య నాకు నచ్చడం లేదు. ఎందుకని అడగకు.

ఇట్లు
నీ రాణి

తా.క. ఫోను చేయొచ్చు కదా అంటావేమో. తెల్లజుట్టు పెట్టుకుని ఫోనులో చెలీ చెలీ అని అరిస్తే వీధిలో వాళ్ళు నా గురించి ఏమనుకుంటారు?

మరో తా.క. పక్కవాటాలో కొత్తగా దిగినాయన నన్ను ఏం ఉద్యోగం చేసి దిగారండీ అని అడిగాడు. రాణి ఉద్యోగం అన్నాను. కాసేపు ఆలోచించి, పెన్షను వస్తుందాండీ అన్నాడు.

*

మహారాణీ గారి సముఖానికి,

మేడ మీది గది నుంచి తమ చెలికత్తె వంగి నమస్కరించి రాయునది. క్షేమమే. కింద కుట్టుమిషన్లు ఏ తాళానికీ లొంగకుండా పొద్దస్తమానం కొట్టుకుంటాయి. పైన నేను పిల్లలకి తాళం చెబుతుంటాను. ఎవరు ఎవర్ని పాడుచేస్తున్నామో తెలీదు. తాళాల మేష్టారు అని గుమ్మానికి బోర్డు తగిలించాను. మొన్న ఒకాయన బీరువా తాళంచెవి పోయిందని వచ్చి కూర్చున్నాడు.

నీ ఉత్తరం నాకంటే ముందు మా టైలరు చదివాడు. కవరు మీద నువ్వు రాసిందేమిటో నీకు గుర్తుందా? "టైలరు షాపు పైన, మేడ మీద గది" అని. అంతే. పేరు లేదు. పోస్టుమాను కింద షాపులో ఇచ్చిపోయాడు. టైలరు విప్పితే "నా ప్రాణసమానమైన చెలికి" అని ఉంది. అది ఆయన భుజం మీంచి భార్య చూసింది. రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. నేను వెళ్ళి, అమ్మా ఆ చెలిని నేనేనని చెప్పాను. ఆవిడ నా మీసాల వంక చూసి ఇంకా అనుమానంగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆటకి వస్తాను. ఎందుకు రాను? కానీ ఒక్క సంగతి ముందే తేలాలి. స్టేజీ మీద నేను చెలినే. స్టేజీ దిగాక మా అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటుంది. అది ఇన్నేళ్ళలో ఒక్క పోస్టరు మీదా పడలేదు. "రాణిగా ఫలానా వారు" అని తాటికాయంత అక్షరాలతో నువ్వు, కింద "మరియు ఇతరులు" అని నేను. ఆ ఇతరుల్లో నేను ఒక్కణ్ణే ఉన్న ఆటలు కూడా ఉన్నాయి. ఈసారి పోస్టరు మీద నా పేరుండాలి. అంతకంటే ముందు నీ ఉత్తరంలో ఉండాలి. ప్రియమైన ఫలానా అని రాయి చాలు, బండెక్కుతాను.

ఇట్లు
నువ్వు పేరు రాసేదాకా, తాళాల మేష్టారు

తా.క. రాణులకి పెన్షను వస్తుందని తేలితే, చెలికత్తెల సంగతి కూడా ఓ మాట కనుక్కో.

*

అలకల చెలికి,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బా నవ్వాను. టైలరు గారి ఇల్లాలికి నా తరఫున క్షమాపణలు చెప్పు. ఆమె సంసారం నిలబడిందా?

పోస్టరు సంగతి నాకు వదిలేయి. నీ పేరు లేకుండా పోస్టరు వేస్తే నా గజ్జెల మీద ఒట్టు. అయితే ఆ అచ్చు వేసే ఆయన మహా చాదస్తపు మనిషి. తప్పు పడిందంటే తర్వాత మనల్నే అంటాడు. అందుకని నీ పేరు నువ్వే, నీ చేత్తో, ఇంటిపేరుతో సహా పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి పంపు. అలాగే ఆయన ముందు పెట్టేస్తాను. వెంటనే పంపు.

నీ చెలికత్తె కండువా నా పెట్టెలోనే ఉండిపోయింది, అదే, ఎర్ర అంచుది. ఉతికించి విడిగా పార్సెలు చేసి పంపుతున్నాను. అది తలమీదికి లాక్కుని ఓసారి అద్దంలో చూసుకో, పాత రోజులు గుర్తొస్తాయి. చేతిలో తాళాలు అలాగే ఉంచుకుని, మీసాలు అలాగే ఉంచుకుని, ఒక్క కండువా లాక్కుంటే చాలు, ఆడపిల్లవైపోయేవాడివి. నాకు మూడు గంటలు పట్టేది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ ఉంది.

ఇట్లు
నీ రాణి

తా.క. నీకో సంగతి చెప్పడం మర్చిపోయాను. పక్కవాటాలో కొత్తగా దిగినాయన నన్ను ఏం ఉద్యోగం చేసి దిగారండీ అని అడిగాడు. రాణి ఉద్యోగం అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? పెన్షను వస్తుందాండీ అన్నాడు.

*

రాణీ గారికి,

క్షేమం. నీ క్షేమం నాకు ఈ పూట అక్కర్లేదు.

నా పేరు నేను పెద్ద అక్షరాలతో రాసి పంపాలా? పలక కూడా పంపనా? ఎవడో ఊరూ పేరూ తెలియని వాడిని అడిగినట్టు అడుగుతావేమిట్రా? మనిద్దరం ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే మేష్టారి చేత బెత్తం దెబ్బలు తిన్నాం. నేను తాళం తప్పితే నీ వీపు మీద పడింది, నువ్వు అడుగు తప్పితే నా వీపు మీద పడింది. అప్పుడు ఏడుస్తూ పేరు పెట్టే తిట్టుకునేవాళ్ళం. పోస్టరు మీద నా పేరు వేయడం నీకు ఇష్టం లేదు. నేను రాసి పంపితే, అదుగో పేరు కోసం వాడే దేవిరించాడని చెప్పుకోవచ్చు. అంతేగా నీ ఎత్తు?

పోనీ అది వదిలేద్దాం. పెన్షను జోకు మొదటి ఉత్తరంలోనే రాశావు. దానికి నేను జవాబు కూడా ఇచ్చాను. నాకు అర్థం కాలేదనుకుని రెండోసారి చెప్పావా?

అదీ వదిలేద్దాం. పార్సెలు విప్పితే కండువా మడతల్లో నీ కళ్ళజోడు పెట్టి పంపావు. దాని భావమేమిటి? నాకు చూపానడం లేదనా? నీ గొప్ప నాకు కనిపించడం లేదనా? రాణి వేషం కట్టే వాళ్ళకి ఎత్తిపొడుపులు బాగా వస్తాయని తెలుసు గానీ, పార్సెల్లో పెట్టి పంపడం ఇదే చూడటం.

నా పేరు నేను రాయను. ఉత్తరం కింద సంతకం కూడా పెట్టను. నువ్వే రాయాలి.

ఇట్లు
ఇతరులు

తా.క. కండువా ఉతికించినందుకు మాత్రం సంతోషం. నీ పెట్టె వాసన ఇంకా పోలేదు. కాసేపు ముఖం మీద వేసుకుని కూర్చున్నాను. అది వేరే సంగతి.

*

ముక్కుమీద కోపం ఉన్న చెలికి,

ఉభయకుశలోపరి. అక్షరాలు కొంచెం ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే ఏమీ అనుకోకు. కలం మంచిది కాదు.

కళ్ళజోడా? అవును, కావాలనే పంపాను. నీకు చూపు తగ్గిందని ఎవరో అంటే మనసాగక పంపాను. ప్రేమతో ఇచ్చిన దాన్ని ఎత్తిపొడుపు అనుకుంటే నేనేం చేసేది? ఇక్కడ అమ్మాయి నా కళ్ళజోడు కోసం ఇల్లంతా బోర్లించి, బియ్యం డబ్బాలో కూడా వెతికింది. స్నేహితుడికి కానుకగా ఇచ్చానని చెప్పాను. అదోలా చూసింది. ఈ కాలం పిల్లలకి స్నేహం విలువ తెలీదు.

ఇంకో సంగతి. ఆట రోజున కళాకారుల గురించి నాలుగు మాటలు అచ్చువేసి పంచుదామంటోంది అమ్మాయి. నీ గురించి నేను రాద్దామని కూర్చున్నాను. మీ నాన్న నీకు ఆ పేరే ఎందుకు పెట్టాడో, ఆ కథ కాస్త రాసి పంపు. మీ అమ్మ ముద్దుగా ఏమని పిలిచేది? బళ్ళో హాజరు వేసేటప్పుడు ఏమనేవాళ్ళు? ఇలాంటివన్నీ ఉంటే చదివేవాళ్ళకి బాగుంటుంది.

ఇవి కూడా రాయనని మొండికేస్తే మాత్రం నాకూ కోపం వస్తుంది. ఏమిటా బెట్టు? పేరు, పేరు, పేరు. ఆడేవాడికి ఆట ముఖ్యమా, పేరు ముఖ్యమా? నువ్వు కాకపోతే లోకంలో చెలికత్తెలకి కరువొచ్చిందా? అమ్మాయి దగ్గర ఒక శిష్యురాలుంది. చక్కగా పాడుతుంది, చెప్పినట్టు వింటుంది, మీసాలు కూడా లేవు. దాన్ని పెట్టుకుని ఆడేస్తాను.

ఇట్లు
రాణి

తా.క. ఆ పిల్ల సంగతి ఉత్తదే. నిన్న దాన్ని నిలబెట్టి చూశాను. నీ మొగుడి పేరేమిటమ్మా అని అడిగింది, ఎంతో బాగా అడిగింది. నాకు సిగ్గు రాలేదు. ముఖం ఖాళీగా పెట్టుకుని నిలబడిపోయాను.

*

రాణీ గారికి,

నేను రావడం లేదు. ఆ మీసాలు లేని పిల్లతోనే ఆడుకో. ఉన్న మాట రాసేసి చేతులు దులుపుకుంటాను.

పేరు ముఖ్యమా ఆట ముఖ్యమా అని అడిగావు. పేరున్న వాడు అడగగలిగిన ప్రశ్న అది. ఆ పెద్ద ఊళ్ళో, కొత్త హాలు తెరిచినప్పటి ఆట నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు మధ్యాహ్నం నుంచే లోపల ముఖానికి రంగు వేయించుకుంటూ కూర్చున్నావు. నేను తాళాలకి కొత్త తాడు కొనడానికి బజారుకి వెళ్ళి వచ్చాను. గేటు దగ్గర వాడు ఆపాడు. టిక్కెట్టు అన్నాడు. నేను ఆడేవాణ్ణి అన్నాను. పోస్టరు మీద పేరు చూపించమన్నాడు. గోడ నిండా అంటించి ఉంది పోస్టరు. ఏం చూపించను? ఇతరులు అన్న మాట మీద వేలు పెట్టి, ఇదుగో ఇది నేనే అన్నాను. వాడు నవ్వాడు. వెనక నిలబడ్డ వాళ్ళు కూడా నవ్వారు.

లోపల ఆట మొదలు కావడం లేదు. చివరికి నువ్వే వచ్చావు, పూర్తి వేషంతో, జడతో, గజ్జెలతో, గేటు దాకా ఘల్లుఘల్లుమంటూ. వాడి మీద ఇంతెత్తున లేచావు. "ఈయన లేకపోతే నేను లేను" అన్నావు. ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత వాడు, ఇంతకీ ఈయన ఎవరండీ అని అడిగాడు. నువ్వేమన్నావు? "మా చెలికత్తె" అన్నావు. వాడు నా మీసాలు చూసి పడీపడీ నవ్వాడు. నువ్వూ నవ్వావు. నేనూ నవ్వేశాను. లోపలికి వెళ్ళి ఎప్పటికంటే బాగా ఆడాను. కానీ ఆ రోజు నువ్వు నా పేరు చెబుతావని ఎదురు చూశానురా. అక్కడ కూడా చెప్పలేదు.

రాణికి రాజుగారి పేరు చెప్పడానికి సిగ్గు. అది ఆట. నీకు నా పేరు చెప్పడానికి ఏమిటి అడ్డం?

నాకు ఆ పేరు ఎందుకు పెట్టారని అడిగావు. అది మా తాత పేరు. ఆయన చేతి చెరుకు ముక్కలు నువ్వూ తిన్నావు. ఇంతకంటే రాయను.

ఇక సెలవు.

తా.క. నీ కళ్ళజోడు పెట్టుకుని నీ మూడు ఉత్తరాలూ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను, నా పేరు ఏ మూలనైనా కనిపిస్తుందేమోనని. కనిపించలేదు. కళ్ళజోడు మాత్రం మంచిదే.

*

చెలీ,

ఈ ఉత్తరం చిన్నది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

గేటు సంగతి నాకు బాగా గుర్తుంది. ఆకుపచ్చ గేటు. నువ్వు వేసుకున్న చొక్కాకి పై గుండీ లేదు. నీ చేతిలో తాళాల కొత్త తాడు పసుపు రంగుది. అన్నీ గుర్తున్నాయి. నాకేం మరుపు రాలేదు. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది.

పోస్టరు వేయించేశాను. మడతపెట్టి ఇందులోనే పెట్టాను, చూడు. నీ పేరు లేదు. నా పేరు కూడా తీయించేశాను. "రాణి, చెలి" అని రెండే మాటలు, రెండూ ఒకే సైజు. అచ్చు ఆయన, ఆడేది ఎవరో తెలియకపోతే జనం ఎలా వస్తారండీ అన్నాడు. రాకపోతే మానె అన్నాను.

ఆ ఘట్టంలోకి నువ్వు లేకుండా అడుగు పెట్టాలంటే నాకు భయంగా ఉంది. ఇన్ని ఆటలు ఆడి ఈ మాట ఎవరితోనూ అనలేదు. అమ్మాయికి చెప్పకు. నువ్వు అడుగుతుంటే నాకు ఏదో ఒకటి వస్తుంది. ఎప్పుడూ అలాగే వచ్చింది. నీ పేరు సంగతి అక్కడే, నలుగురి ముందూ తేల్చుకుందాం. రా.

ఇట్లు
నీ రాణి

తా.క. వచ్చేటప్పుడు ఆ కళ్ళజోడు పట్టుకురా. నీకు సరిపడకపోతే వృథాగా పోతుంది కదా. ఎలాగోలా నేనే సర్దుకుంటాను.

*

రాణీ,

క్షేమంగా గదికి చేరాను. ఈ ఉత్తరం నువ్వు దాచుకుని మళ్ళీ మళ్ళీ చదువుకోవాలని రాస్తున్నాను. ఆదివారం జరిగిందాంట్లో నీ దగ్గర ఎంత మిగిలిందో నాకు తెలీదు. అందుకని నీకు తెలిసినవి కూడా తెలియనట్టే రాస్తాను. విసుక్కోకు.

పోస్టరు చూశాక కోపం ఎలా నిలుస్తుంది? బండెక్కాను. హాలు నిండింది. ఎవరు ఆడుతున్నారో తెలియక, చూద్దామని వచ్చారట. అచ్చు ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. తెర పట్టారు. తెర కింద నీ పాదాలు కనిపించాయి. తాళం వేశాను. నీ అడుగు సరిగ్గా దాని మీద పడింది. మోకాళ్ళు ఏమయ్యాయో గానీ, ఒక్క అడుగు కూడా తప్పలేదు. తెర తీయగానే జనం మాటలు మానేశారు. ఇంత వయసొచ్చినా నువ్వు రాణివేరా. ఒప్పుకోక తప్పదు.

పేరు ఘట్టం వచ్చింది. కండువా తలమీదికి లాక్కుని వచ్చాను. "అమ్మా రాణీ, నువ్వెవరి ఇల్లాలివమ్మా, ఆయన పేరేమిటి?" అన్నాను. నువ్వు కొంగు చాటు చేసుకున్నావు. రెండోసారి అడిగితే కాలి బొటనవేలితో నేల రాశావు. మూడోసారికి "ఆయనే, అదుగో, వస్తారే, పొడుగ్గా" అన్నావు. జనం నవ్వుతున్నారు. మామూలుగా అక్కడ నువ్వు చిన్నగా, చెవిలో చెప్పినట్టు రాజుగారి పేరు చెప్పాలి. చెప్పలేదు. ఇంకా సాగదీస్తున్నావు కాబోలనుకుని మళ్ళీ అడిగాను. నువ్వు నా వంక చూశావు. నీ కొంగు వణుకుతోంది. సిగ్గు నటించేటప్పుడు నీ కొంగు ఎలా కదులుతుందో నాకు తెలుసు. అది అలా కదలడం లేదు.

రాజుగారి పేరు నీ దగ్గర లేదు. "సరేలే తల్లీ, నువ్వు చెప్పలేవు గానీ నేనే చెబుతాను, కాదంటే తల అడ్డంగా ఊపు" అని నేనే చెప్పేశాను. నువ్వు గబగబా తల నిలువుగా ఊపావు. హాలంతా గొల్లుమంది. రాణి ఇంత బాగా సిగ్గుపడటం ఎన్నడూ చూడలేదని పక్కనెవరో అంటున్నారు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు నువ్వు ముందుకొచ్చి తాళాలతో సహా నా చేయి పట్టుకున్నావు. ఇది మనం ఎన్నడూ ఆడలేదు. "ఆయన పేరు సరేనే, నీ పేరేమిటే?" అన్నావు. "ఇన్నేళ్ళు నా వెంట తిరిగావు. నా అలకలు మోశావు, నా ఏడుపులు విన్నావు. ఒక్కనాడు నీ పేరు అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను, చెప్పవే" అన్నావు.

మొదట ఒళ్ళు మండింది. ఉత్తరాల్లో జరిగిందంతా నలుగురి ముందు వేళాకోళం చేస్తున్నావనుకున్నాను. నీ కళ్ళలోకి చూశాను. అక్కడ వేళాకోళం లేదు. బళ్ళో పాఠం అప్పజెప్పలేక, పక్కవాడు అందిస్తాడేమోనని చూసేవాడివే, ఆ చూపు. నువ్వు నిజంగానే అడుగుతున్నావు.

పెన్షను జోకు రెండుసార్లు ఎందుకొచ్చిందో, కళ్ళజోడు కండువాలోకి ఎలా వెళ్ళిందో, మా అమ్మ ఏమని పిలిచేదని ఎందుకడిగావో అక్కడ నిలబడే అర్థమైంది. పేరు రాయడం ఇష్టం లేక కాదు. నీ దగ్గర లేదు. నలుగురిలో తేల్చుకుందామని ధైర్యం చేశావు, ఎందుకంటే పేరు తెలియకపోవడం తప్పు కాని చోటు నీకు లోకంలో అదొక్కటే. నేనేమో పేరు రాస్తే గానీ బండెక్కనని ఇక్కడ కూర్చుని రోజులు తినేశాను.

చెబుదామని నోరు తెరిచి, కండువా అడ్డం పెట్టుకున్నాను. జనం ఏమనుకున్నారో తెలుసా? చెలికత్తె కూడా రాణిలాగే సిగ్గుపడుతోందనుకున్నారు. మీసాలున్న చెలికత్తె పేరు చెప్పడానికి కండువా నోటికి అడ్డం పెట్టుకుంటే ఇంక నవ్వకుండా ఎవరుంటారు? కండువా నేను నవ్వించడానికి పెట్టుకోలేదు. చివరికి చెప్పాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా, పై మెట్ల మీద కూర్చున్న వాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను.

నువ్వు దాన్ని ఒకసారి పలికావు. రుచి చూసినట్టు రెండోసారి పలికావు. తర్వాత పాటలో రాజుగారి పేరు ఉండాల్సిన చోట నా పేరు పెట్టి పాడావు. మృదంగం ఆయన వెంటనే అందుకున్నాడు. నువ్వు దాని మీద ఆడావు. నేను తాళం వేశాను. నా పేరుకి నేనే తాళం వేసుకోవడం ఎలా ఉంటుందో ఎవరికైనా చెబితే నవ్వుతారు. కళ్ళు కనపడక ఒకచోట తాళం తప్పాను కూడా. మన మేష్టారు ఉంటే నీ వీపు మీద పడేది.

వేషం తీసేటప్పుడు నువ్వు అద్దంలో నన్ను చూసి, "బాగా వచ్చిందా చెలీ?" అని అడిగావు. అప్పటికే పోయింది నీ దగ్గర నుంచి. నాకు కోపం రాలేదు. బాగా వచ్చిందన్నాను.

అమ్మాయి నన్ను బండి దాకా దింపింది. "బాబాయ్, నాన్న మరుపు సంగతి నాకు ఏడాదిగా తెలుసు" అంది. మరి ఆయన ఉత్తరాలన్నీ నీ చేతి మీదుగానే పోస్టుకి వెళ్ళాయి కదా, నా పేరు ఒక్క ముక్క అందించలేకపోయావా అన్నాను. "నాన్న అడగలేదు బాబాయ్. అడిగితే మర్చిపోయానని నా దగ్గర ఒప్పుకున్నట్టే కదా. నువ్వైతే నాన్న చేత మరుపు ఒప్పించకుండానే అడగనిస్తావని ఎదురు చూశాను" అంది. నీ కూతురే.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నీకు చెప్పడానికే ఈ ఉత్తరం. ఆదివారం చూసిందంతా అది పట్టేసింది. ఇక మీదట తన దగ్గర ఎవరు ఈ ఘట్టం నేర్చుకున్నా, రాణి తిరిగి చెలికత్తె పేరు అడిగి తీరాలట. చెలికత్తె కండువా నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడి, చివరికి చెప్పాలట. ఏం పేరు చెప్పాలమ్మా అని అడిగాను. "ఏముంది బాబాయ్, నీ పేరే. చెలికత్తెకి ఇన్నాళ్ళూ పేరు లేదు, ఇప్పుడు ఉంది" అంది. ఆ మీసాలు లేని పిల్ల అప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టిందట. మీ ఇంటి కింద హాల్లో వారానికి నాలుగుసార్లు నా పేరు వినిపిస్తుంది నీకు. నీ మూల కుర్చీ కాస్త ముందుకి జరుపుకో.

మళ్ళీ కలిసినప్పుడు నీకు గుర్తుంటే పేరు పెట్టి పిలువు. లేకపోతే చెలీ అను. ఇన్నాళ్ళూ ఆ పిలుపు నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు పలుకుతాను.

ఇట్లు
నీ చెలి

తా.క. నా తాళాలు మీ ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. బుద్ధెరిగాక వాటిని వదిలి గడప దాటలేదు. ఇక్కడ పిల్లలకి బల్ల మీద చేత్తో కొట్టి చెబుతున్నాను, కుట్టుమిషన్లదే పైచేయి అయిపోయింది. నువ్వు వెతికి పార్సెలు చేయకు, అందులో ఇంకేం పెడతావో అని భయం. నేనే వస్తాను. ఆ పెన్షను జోకు మూడోసారి చెప్పు. ఈసారి నవ్వుతాను.